స్పోర్ట్స్ కారు అమ్మాక బాధ ఉంటుందా? దాని జాగాలో ఏం కొనాలి?

మీరు అడిగింది ఇది: ఏండ్ల తరబడి మోజుపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కారును ఇప్పుడు ఇంటి అవసరాల కోసం అమ్మాలనుకుంటున్నారు. అమ్మాక బాధపడతానా, బదులు ఏది కొనాలి అని. బాధపడతారు, అందులో డౌటే లేదు. రెండోదానికి మాత్రం కొంచెం కథ చెప్పాలి.

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు. నా దగ్గర ఉండింది స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, నీలం రంగుది. 2017లో 24.62 లక్షల షోరూమ్ ధరకు దేశం మొత్తానికి 500 బండ్లే ఇచ్చారు. 230 హార్స్‌పవర్. నేను 2019లో హైదరాబాద్‌లో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. నాలుగు డోర్లున్న బండి స్పోర్ట్స్ కారెట్లయితది అనేవాళ్లు ఒక్కసారి తెల్లవారుజామున నార్కట్‌పల్లి దాటాక నా పక్క సీట్లో కూర్చోవాల్సింది. మా నాయిన ఒక్కసారే కూర్చున్నాడు. "బాయిల దిగినట్టున్నది రా" అని మళ్లీ ఎక్కలేదు.

పిల్లలు పుట్టారనో, నడుము నొప్పనో అమ్ముతున్నామని అందరూ చెప్తారు. నేను నమ్మను. ఇసొంటి బండిని అమ్మించేది రోడ్డే.

2023 ఏప్రిల్, యాసంగి కోతల టైం. హైదరాబాద్ నుంచి వస్తూ రాత్రి పదకొండింటికి ఒక చుట్టం ఊరికని హైవే దిగి లోపలి రోడ్డు పట్టా. వడ్లు ఆరబోసి ఉంటాయని నాకు తెలియదా? తెలుసు. నెమ్మదిగానే పోతున్నా. కానీ కుప్ప చుట్టూ కావలికి పెట్టిన రాళ్లలో ఒకటి రోడ్డు మధ్యకు జరిగి ఉంది. ట్రాక్టరుకైతే అది లెక్కలోకే రాదు. నా బండి కింద "ఠక్" మంది. ఆ సప్పుడు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

దిగి టార్చి కొట్టి చూస్తే ఆయిల్ ధార కడుతోంది. ఆయిల్ ఛాంబర్ పగిలింది. వెంటనే ఇంజన్ ఆపేశా. ఇక్కడే చాలామంది ఇంకో రెండు కిలోమీటర్లు పోదాంలే అని లాగి, ఇంజన్ సీజ్ చేసుకుంటారు. ఆటోమేటిక్ గేరు బండి కాబట్టి ముందు చక్రాలు నేల మీద పెట్టి ట్రాక్టరుతో గుంజించేది కూడా లేదు. మొత్తం బండిని ఎక్కించుకునే లారీ రావాలి. అది పొద్దునదాకా రాదన్నారు.

వడ్ల పక్కన మంచం వేసుకుని పండుకున్న పెద్దమనిషి లేచి వచ్చాడు. నేను కోపంగా ఏదో అన్నా. ఆయన బండి కిందికి వంగి చూసి, "గింత కిందికుంటదా సారూ? సగం భూమిలనే ఉన్నట్టుంది గదా" అన్నాడు. తర్వాత మంచినీళ్లిచ్చి, మంచం మీద జాగా ఇచ్చాడు. ఎన్ని రోజుల నుంచి ఆరబోస్తున్నావని అడిగితే, తొమ్మిది రోజులట. తేమ 17 శాతానికి దిగితే తప్ప సర్కారు వడ్లు కొనే సెంటర్‌లో కాంటా పెట్టరు. మధ్యలో ఒక వాన పడి పరదాల కిందికి నీళ్లు పోయాయట.

నేను మిల్లోన్నని ఆయనకు చెప్పలేదు. సెంటర్ నుంచి వచ్చిన లారీలో తేమ ఎక్కువుంటే "దించుకోం" అని గొడవ పెట్టేది మేమే కదా. ఆ రాయిని అక్కడ పెట్టించింది ఒక రకంగా నేనే. ఆయన మాత్రం నిద్రపోయే ముందు, "ఇది అమ్మితే ఎన్నెకరాలొస్తయి?" అని అడిగాడు. రోడ్డు పక్కనైతే ఎకరం కూడా రాదన్నా. నవ్వి అటు తిరిగి పండుకున్నాడు.

బాగు చేయించి ఇంకో ఏడాది నడిపా కానీ, ఆ తర్వాత ప్రతి గుంత దగ్గరా నా కడుపులో బ్రేకు పడేది. 2024లో అమ్మకానికి పెట్టా. ఇక వచ్చే మెసేజ్‌లు చూడాలి! సగం మంది "లాస్ట్ ఎంత?" ఇంకో సగం "మైలేజ్ ఎంతిస్తది?" మైలేజ్ అడిగేవాడు ఈ బండి కొనడు, వాడితో మాట్లాడి టైం పాడు చేసుకోకండి. చివరికి బెంగళూరు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. రాగానే బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజన్ చల్లగా ఉందో, లోపం దాచడానికి ముందే వేడి చేసి పెట్టానో చూశాడు. అప్పుడే అర్థమైంది, బండి వీడికే పోతుందని. వేరే రాష్ట్రం కాబట్టి ఫారం 28తో ఆర్టీఓ ఆఫీసులో ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం తీసుకోవాలి, పేరు మార్పుకు 29, 30 ఫారాల మీద సంతకాలు సరేసరి. అక్కడ వాళ్లు మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. ఒక్క దేశంలో ఒకే బండికి రెండుసార్లు లైఫ్ టాక్స్ ఏంటో, లైఫ్ ఎన్నిసార్లు ఉంటుందో నాకైతే అర్థం కాదు.

ఇక బదులు ఏది? 2025లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 53 లక్షలకు వచ్చింది. కొత్త ఆక్టేవియా ఆర్ఎస్ 100 బండ్లే, దాదాపు 50 లక్షలకు. రెండూ చూసి నోరూరింది. కానీ నాలుగు లేన్ల హైవే మీద కూడా కారుకు చట్టం ఇచ్చేది వంద స్పీడే, అది దిగితే వడ్లు. నేను ఫోక్స్‌వ్యాగన్ వాళ్లదే వర్టస్ జీటీ తీసుకున్నా. 150 హార్స్‌పవర్, నేలకు 179 మిల్లీమీటర్ల ఎత్తు. పాతదాంట్లో సగం బలం కూడా వాడకుండా భయపడుతూ నడిపేవాణ్ని. ఇది పిండినంత పిండుతా. మీ ఊరి రోడ్లు మా రోడ్ల లాంటివైతే మీరూ అదే చేయండి, ఇంకెవరి మాటా వినకండి.

ఒక్కటి మాత్రం అమ్మే ముందు చూసుకోండి, రెండో తాళంచెవి. బెంగళూరు అబ్బాయి అది లేదని 20 వేలు తగ్గించాడు. పోయిన నెల మిల్లులో శాంపిల్ వడ్ల డబ్బా బోర్లిస్తే అందులోంచి పడింది.