మట్‌లో డాలరు గుర్తు నొక్కే ముందు

అమ్మాయీ,

మామయ్య ఆశీస్సులు. ఆఫీసు సర్వర్‌లో ఈమెయిలు ఉత్తరాలు చూసుకోవడానికి, టెర్మినల్ అనే అక్షరాల తెరలో మీటలతోనే నడిచే మట్ ప్రోగ్రాము మొదలుపెట్టానని రాశావు. చాలా సంతోషించాను. నా అక్షరాభ్యాసం పైన్ అనే పాత ఈమెయిలు ప్రోగ్రాముతో జరిగింది. ఏ మీట దేనికో అది తెర అడుగునే చూపించేది. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టిన ఈ మట్ అంతగా చేయి పట్టుకుని నడిపించదు. పై వరుసలో కొన్ని మీటలు చూపి ఊరుకుంటుంది, మిగతావి కావాలంటే ప్రశ్నార్థకం నొక్కాలి. ఎమ్‌తో కొత్త ఉత్తరం, ఆర్‌తో జవాబు, జీతో అందరికీ జవాబు. ఇవి వారంలో వేళ్లకే పట్టుబడతాయి. వై నొక్కి పంపే ముందు మాత్రం ఎవరెవరికి వెళుతోందో ఒకసారి చదువు.

నీకు గట్టిగా చెప్పవలసింది తుడిచివేత గురించి. డి నొక్కగానే ఉత్తరం పోదు, పక్కన డి అనే గుర్తు పడుతుంది, అంతే. డాలరు గుర్తు నొక్కి, అడిగినదానికి సరేనంటేనే నిజంగా పోతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న వ్యవధి నీకు రక్ష.

ఒకసారి నేను ఒక సరఫరాదారు పంపిన పాత ఉత్తరాలు తీసేద్దామని పెద్ద డి నొక్కి అతని పేరు రాశాను. వట్టి పేరు రాస్తే మట్ పంపినవారి పేరులోనే కాక విషయం వరుసలో కూడా వెతుకుతుందని అప్పటికి నాకు తెలియదు. అతని ఒప్పందం గురించి మావాళ్లు రాసిన ఉత్తరాలకు కూడా గుర్తు పడిపోయింది. డాలరు నొక్కితే, ఇన్ని ఉత్తరాలు తుడిచేయనా అని సంఖ్యతో సహా అడిగింది. నేను సంఖ్య చూడకుండానే ఎంటర్ నొక్కాను. పాతవి బ్యాకప్‌లో దొరికాయి. ఆ ఉదయం వచ్చినవాటిని మళ్లీ పంపమని ఒక్కొక్కరినీ అడగవలసి వచ్చింది.

అందుకే ముందు చిన్న ఎల్ నొక్కి, టిల్డె గుర్తు (~) పక్కన చిన్న ఎఫ్, ఖాళీ వదిలి పేరు రాయి. ఆ మనిషి పంపినవే తెరమీద మిగులుతాయి. కళ్లారా చూసుకున్నాక అదే మాట పెద్ద డికి ఇవ్వు. మళ్లీ అన్నీ కనబడాలంటే ఎల్ నొక్కి ఆల్ అని రాయి. ఏ మాత్రం అనుమానం వచ్చినా చిన్న ఎక్స్ నొక్కి బయటికి వచ్చేయి, పెట్టిన గుర్తులేవీ అమలు కావు.

పాస్‌వర్డు మట్‌ఆర్‌సీ అనే మట్ సెట్టింగుల ఫైలులో రాసుకుంటే ఆ ఫైలు అనుమతులు 600కి మార్చు, నువ్వు తప్ప ఇంకెవరూ చదవకూడదు. రైల్లో కూర్చుని రాసేటప్పుడు, కనెక్షన్ తెగినా సర్వర్‌లో పనిని నిలిపి ఉంచే టీమక్స్ ప్రోగ్రాములో మట్ తెరువు, సిగ్నల్ పోయినా సగం రాసిన ఉత్తరం అలాగే ఉంటుంది.

మీ అమ్మకు తెలుగులో రాస్తే చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. బెంగపడకు. అక్షరాలను సమానమైన గడుల్లో పరచడం వల్ల వచ్చే చిక్కు అది, ఉత్తరం పాడవదు. లొకేల్, అంటే భాష అమరిక, అన్ని లిపులనూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉందో లేదో చూసుకుని, మొదటి తెలుగు ఉత్తరం నాకు పంపు. అక్షరాలు ఎలా వచ్చాయో చూసి వెంటనే జవాబు రాస్తాను.

మీ మామయ్య