ఎప్పుడు పోతవ్?

(గల్ఫ్ బతుకు, విదేశీ ప్రయాణాల మీద మీ ప్రశ్నలకు, కువైట్‌లో 18 ఏళ్లు టైమ్‌కీపర్‌గా చేసి జగిత్యాలలో స్థిరపడిన మా కాలమిస్టు జవాబులు. అక్టోబర్ 2021 చివరి వారం.)

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కోరుట్ల. దమ్మామ్‌లో ఏసీ మెకానిక్‌ను. ఏప్రిల్‌లో నాన్న చనిపోతే ఆరు నెలల చుట్టీ మీద వచ్చిన. కొవిషీల్డ్ రెండు డోసులూ ఇక్కడే వేసుకున్న. సౌదీకి సీదా పోయే దారి ఇంకా తెరవలేదు. నా ఖురూజ్ అవ్దా (ఊరికొచ్చి మళ్లీ పోయే వీసా) గడువు ఈ నెలతో అయిపోతున్నది. ఇక్కడి ఏజెంటు ఒకతను మాల్దీవులకు తీసుకపోయి, 14 రోజులు హోటల్లో ఉంచి, దమ్మామ్ పంపిస్తా అంటున్నడు. లక్షా నలభై వేలు అడుగుతున్నడు. నవంబర్ 10 పక్కా అంటున్నడు. మా ఇంటామె బీడీలు చేసి ఇల్లు నడుపుతున్నది. అప్పు చేసి పోవాలా, ఆగాలా? అసలు విమానాలు ఎప్పుడు మొదలైతయి?

జవాబు: తమ్మీ, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తా. ఆ తేదీ ఇవాళ ఎవరి దగ్గరా లేదు. కరోనా వచ్చిందని మన విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ 2020 మార్చి 23న రెగ్యులర్ విదేశీ విమానాలు ఆపింది. అప్పటి నుంచి నెలాఖరు వచ్చినప్పుడల్లా గడువు ఇంకో నెల జరుపుతోంది. ఇప్పుడున్న గడువు అక్టోబర్ 31. యూఏఈ (దుబాయ్ ఉన్న దేశం), ఖతర్, కువైట్ లాంటి దేశాలతో ఎయిర్ బబుల్ (రెండు దేశాలు మాట్లాడుకుని కొన్ని విమానాలే నడిపే) ఒప్పందాలు ఉన్నాయి కాబట్టి అక్కడికి కొన్ని విమానాలు తిరుగుతున్నాయి. సౌదీతో అదీ లేదు. పైగా నీకు తెరవాల్సిన తలుపులు రెండు. ఢిల్లీ చేతిలో ఒకటి, రియాద్ చేతిలో ఇంకోటి. రెండూ ఒకే రోజు తెరుచుకుంటాయని కోరుట్ల ఏజెంటుకు ఎవరు చెప్పారు?

‘పక్కా’ అనే మాట వింటే నాకు 1991 గుర్తుకొస్తది. అంతకు ముందు ఏడాది ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మా క్యాంపులో బియ్యం అయిపోయేదాకా ఉండి, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు, అక్కడి నుంచి అమ్మాన్‌కు చేరినం. ఆ రెండు నెలల్లో ఎయిర్ ఇండియా 488 ట్రిప్పులేసి లక్షా డెబ్బై వేల మందిని ఇంటికి తెచ్చింది. వాళ్లల్లో నేనొకణ్ని. బొంబాయిలో దిగి బస్సెక్కి జగిత్యాల వచ్చేసరికి నా చేతిలో ఒక రెగ్జిన్ సంచి, అందులో పాస్‌పోర్టు, సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు), రెండు లుంగీలు. ఆరేళ్ల సంపాదన అక్కడి బ్యాంకులో ఇరుక్కుంది.

సంక్రాంతి తర్వాత ఒక ఏజెంటు ఇంటికే వచ్చిండు. ‘యుద్ధం అయిపోంగనే మొదటి బ్యాచ్ మనదే, మార్చి 15 పక్కా’ అన్నడు. పన్నెండు వేలు ఇచ్చిన. అందులో సగం మా అమ్మ కడియాలు కుదువబెట్టి తెచ్చిన పైసలు. ఫిబ్రవరి 26కు కువైట్ విడుదలైతే అయింది గానీ, మార్చి 15 నాటికి అక్కడ ఆయిల్ బావులు మండుతున్నాయి. వాటిల్లో చివరిది ఆరేసరికి నవంబర్ వచ్చింది. ఏజెంటు దుకాణం మాత్రం ఏప్రిల్లోనే ఆరిపోయింది. నన్ను 1992లో మళ్లీ పిలిచింది నా పాత కంపెనీయే. ఎందుకంటే ఊళ్లో కూర్చున్నన్ని రోజులు ఆ కంపెనీ పోస్టు బాక్సుకు ఉత్తరాలు రాస్తూనే ఉన్న, సివిల్ ఐడీ కాపీ జత చేసి. జవాబు ఒక్కదానికే వచ్చింది. అదొక్కటే చాలింది.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు భయపడాల్సింది విమానం తేదీ గురించి కాదు, ఖురూజ్ అవ్దా తేదీ గురించి. ఆ గడువు లోపల తిరిగి పోకపోతే రికార్డులో ‘ఖరజ్ వలమ్ యఊద్’ అని పడుతుంది. పోయినోడు తిరిగి రాలేదని అర్థం. పాత కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పిలిస్తే తప్ప మూడేళ్లు కొత్త వీసా రాదు. అయితే రాకపోకలు ఆపిన దేశాల్లో చిక్కుకున్నవాళ్ల అకామాలను (అక్కడ ఉండే పర్మిట్లను), ఖురూజ్ అవ్దాలను సౌదీ ప్రభుత్వం ఫీజు లేకుండా నవంబర్ 30 దాకా పొడిగించింది. పొడిగింపు నీ పేరు మీద పడ్డదా లేదా చూడు. పేపర్లో వచ్చింది కదా అని ఊరుకోకు. ఈ రాత్రే, కంపెనీ తరఫున సర్కారు కాగితాలు చూసే మీ మందూబ్‌కు ఫోన్ చెయ్యి. ‘నా పాస్‌పోర్టు నంబర్ ఇది, అకామా నంబర్ ఇది, తేదీ ఎంతుందో చూసి స్క్రీన్‌షాట్ పంపు’ అని అడుగు. అతనితో కలిసి పనిచేసినవ్ కాబట్టి ఉర్దూలో రెండు మంచి మాటలు మాట్లాడితే చూసిపెడతడు. అప్పుడే ఇంకోటి కూడా అడుగు: కంపెనీకి నువ్వు నిజంగా కావాల్నా? కావాలంటే 14 రోజుల ఖర్చులో సగమైనా పెట్టుకోమను. ఏసీ మెకానిక్ లేకుండా దమ్మామ్‌లో ఎండాకాలం గడవదు. కాకపోతే ఇప్పుడు చలికాలం వస్తోంది, ఆ బేరం కొంచెం కష్టమే.

ఇక లక్షా నలభై వేలు. దారి అబద్ధం కాదు. నిషేధం లేని దేశంలో 14 రోజులుండి పోవడం సౌదీ ఒప్పుకున్న పద్ధతే. కానీ మాల్దీవులే ఎందుకు? సెప్టెంబర్ 8న సౌదీ తన నిషేధ జాబితాలోంచి యూఏఈని తీసేసింది. కొవిషీల్డ్ వేసుకున్నవాళ్లకు దుబాయ్ విజిట్ వీసా ఇస్తున్నారు. మన ఊరోడు ఎవరైనా దుబాయ్ దేరాలో రూములో చోటిస్తే హోటల్ ఖర్చు మిగులుతుంది. ఏజెంటుతో ఈ మాట అని చూడు, వాడి రేటు అక్కడికక్కడే దిగుతుంది. అయినా ఆ పదమూడో రోజున సౌదీ ఆ దేశాన్ని మళ్లీ జాబితాలో కలిపితే ఏంటి గతి? పోయినేడు డిసెంబర్‌లో, మళ్లీ ఈ ఫిబ్రవరిలో కువైట్‌కు, సౌదీకి పోదామని దుబాయ్‌లో ఆగినోళ్లు అట్లనే మధ్యలో చిక్కుకున్నరు. ‘మధ్యలో ఆగితే పైసలు ఎవరిస్తరు?’ అని అడిగి కాగితం మీద రాయించుకో. రాయనంటే లేచి వచ్చెయ్.

లెక్క కూడా వేసుకో. నీ జీతం రాయలేదు, 1,400 రియాళ్లు అనుకుంటే ఇవాళ్టి రేటుకు 28 వేలు. అంటే ఈ దారి ఐదు నెలల జీతం తింటుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 4,200 వడ్డీ. మీ ఇంటామె ఎన్ని బీడీలు చుడితే అది తీరుతుంది?

నేనైతే నవంబర్ 30 దాకా ఆగుతా. గడువు నీ పేరు మీద పొడిగించారని మందూబ్ చెబితేనే సుమా. పొడిగించలేదంటే, కఫీల్ నీ కోసం పొడిగించనంటే, ఆగడానికి అర్థం లేదు. దుబాయ్ దారి చూసుకో, అప్పు సంఘంలో తీసుకో, వడ్డీ వ్యాపారి దగ్గర వద్దు. ఈలోపు టీకా పోర్టల్ కొవిన్‌లో నీ టీకా సర్టిఫికెట్‌కు పాస్‌పోర్టు నంబర్ ఎక్కించుకో. పేరులో అక్షరాలు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: మాది హన్మకొండ. రిటైర్డ్ టీచర్‌ను. అమెరికాలో మా అమ్మాయికి జనవరిలో కాన్పు. నా పదేళ్ల విజిటర్ వీసా 2026 దాకా ఉంది. బాలింత కాయం కోసం మందులు తెచ్చి ఎండబెట్టి డబ్బాలో పోశాను. కానీ నేను వేసుకున్నది కొవాగ్జిన్. మళ్లీ కొవిషీల్డ్ వేయించుకొమ్మని తెలిసినవాళ్లు చెబుతున్నారు, వేరే ఫోన్ నంబర్‌తో అయితే ఇస్తారట.

జవాబు: టీచరమ్మా, ఆ పని చేయకండి. అది దొంగ నమోదు. వేరే పేరుతోనో నంబర్‌తోనో వేయించుకున్న సర్టిఫికెట్ మీ పాస్‌పోర్టుతో కలవదు, శంషాబాద్ కౌంటర్ దగ్గరే ఆగిపోతారు. డాక్టరు చెప్పకుండా మూడో సూది, నాలుగో సూది ఎందుకు?

మన దేశం నుంచి వచ్చేవాళ్ల మీద మే 4న పెట్టిన ఆంక్షను అమెరికా నవంబర్ 8 నుంచి ఎత్తేస్తోంది. దాని బదులు పూర్తి టీకా అడుగుతోంది. డబ్ల్యూహెచ్‌ఓ అత్యవసర జాబితాలో ఉన్న టీకా అయితే చాలు. కొవిషీల్డ్ ఆ జాబితాలో ఉంది. మన జీనోమ్ వ్యాలీలో తయారయ్యే కొవాగ్జిన్ ఫైలు ఇంకా వాళ్ల బల్ల మీదే ఉంది. మీకు జనవరి దాకా టైముంది. వీసా ఉండడమే పెద్ద అదృష్టం, కొత్తగా విజిటర్ వీసాకు పోదామంటే ఇంటర్వ్యూ తేదీ దొరకడమే కష్టంగా ఉంది. టికెట్ మాత్రం తేదీ మార్చుకునే రకం కొనండి, కొంచెం ఎక్కువైనా సరే. అమ్మాయికి కూడా ఒక మాట చెప్పి పెట్టండి: అమ్మ రాకపోతే మొదటి నెల ఎవరు ఆగుతారో ఇప్పుడే చూసుకొమ్మని. కాయం మందులు ఇప్పుడే దంచకండి, టికెట్ ఖాయమైన వారం దంచితే వాసన పోదు.

ప్రశ్న: మెట్‌పల్లి నుంచి. చుట్టీ మీద వచ్చి పదినెలలాయె. బయటికి పోతే చాలు, అందరూ ‘ఎప్పుడు పోతవ్?’ అని అడుగుతున్నరు. ఏం చెప్పాలె?

జవాబు: నేను 1991లో ఆ ప్రశ్నకు భయపడి బస్టాండు దారి వదిలి చెరువు కట్ట మీది నుంచి తిరిగిపోయేటోణ్ని. ఒకరోజు మా అమ్మ వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతుంటే పక్కింటామె అదే అడిగింది. అమ్మ తల ఎత్తకుండనే అన్నది: ‘ఏం, మా ఇంట్ల తింటుంటే నీకు బరువైతున్నదా?’ నేను గోడ అవతల ఉండి విన్న. ఆ రోజు నుంచి బస్టాండు దారిలోనే పోయిన.