పాఠకుల ప్రశ్నలు: పద్యం రాసేది ఏ రోజు?

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. కవిత్వం రాస్తూ, రాయడం నేర్పుతూ బతకవచ్చునని మీరు ఆ మధ్య ఒక సభలో అన్నారు. ఆ మాట ఇంట్లో చెబితే ఎవరూ నమ్మడం లేదు. మీ వారం ఎలా గడుస్తుందో, అందులో మీ సొంత రచనకు ఎంత సమయం మిగులుతుందో దాచకుండా చెప్పగలరా?
(ఒక విద్యార్థిని, చిత్తూరు)

జవాబు: మీ ఇంట్లో వాళ్లు నమ్మకపోవడంలో తప్పేమీ లేదమ్మా; ఆ సభలో నేను సగమే చెప్పాను. రాస్తూ, నేర్పుతూ బతుకుతున్న మాట నిజమే గాని, ఆ రెండింటిలో అన్నం పెట్టేది రెండోది. మొదటిది అప్పుడప్పుడు ఒక జ్ఞాపికను, ఒక శాలువాను, ఏ పత్రికో గుర్తుపెట్టుకుని పంపితే చిన్న పారితోషికాన్ని తెచ్చిపెడుతుంది. శాలువాలు మా ఇంట్లో ఇప్పటికి పదకొండు ఉన్నాయి. తిరుపతి ఎండలో వాటి అవసరం ఎంతో మీకు వేరే చెప్పనక్కరలేదు.

సోమవారం నుంచి గురువారం వరకు తెల్లవారుజామున అయిదు గంటలకు కూర్చుని ఏడు దాకా నా పని నేను చేసుకుంటాను. అంటే వారంలో నా పద్యానికి దక్కేది ఎనిమిది గంటలు. ఆ ఎనిమిది గంటలూ రాస్తానని అనుకోకండి. మొన్నటి వారం మంగళవారం రెండు పాదాలు వచ్చాయి, బుధవారం వాటిలో ఒకదాన్ని కొట్టేశాను, గురువారం కొట్టేసిన దాన్నే మళ్లీ రాసి చూసుకుని, మొదట ఎందుకు కొట్టేశానో అర్థమయ్యాక లేచి పాల ప్యాకెట్టు తెచ్చుకున్నాను. ఏడు దాటితే ఫోన్లు మొదలవుతాయి.

మంగళ, గురువారాల సాయంత్రం మా మిద్దె మీద పెద్దవాళ్లకు పద్య రచన తరగతి ఉంటుంది. బుధవారం పొద్దున్నే బస్సెక్కి, చంద్రగిరి మీదుగా సుమారు డెబ్బై కిలోమీటర్లు ప్రయాణించి చిత్తూరు వస్తాను. అక్కడ కాలేజీ పిల్లలకు వచన కవిత్వం చెబుతాను. దిద్దవలసిన కాగితాలను బస్సులో చూసుకోవచ్చని ప్రతి వారం సంచిలో పెట్టుకుంటాను గాని, కిటికీ పక్కన సీటు దొరికితే కొండలు చూస్తాను, దొరకకపోతే నిద్రపోతాను. శుక్రవారమంతా దిద్దుబాటే. ఆదివారం ఉదయం బడిపిల్లలు వస్తారు. వాళ్లకు కవిత్వం నేర్పను, కథ చెప్పించి, చెప్పిన దాన్ని చెప్పినట్టే రాయిస్తాను.

మిగిలింది శనివారం. మా ఇల్లు గడవడంలో ఆ రోజు పాత్ర ఎక్కువ గనుక కొంచెం వివరంగా చెబుతాను. ఆ రోజు ఎవరి పుస్తకానికో ప్రూఫులు చూస్తాను, పెళ్లి పత్రికలకు పద్యాలు రాస్తాను, అన్నిటికంటే ఎక్కువగా సన్మాన పత్రాలు రాస్తాను. ప్రభుత్వోద్యోగులు నెల చివరి రోజున పదవీ విరమణ చేస్తారు కాబట్టి ప్రతి నెలా ఆఖరి వారంలో నాకు గిరాకీ పెరుగుతుంది. వచ్చినవాళ్లు ‘మా సారు చాలా మంచివారు, నిజాయితీపరులు, అందరితో కలిసిపోయేవారు’ అని మూడు ముక్కలు చెప్పి పన్నెండు పద్యాలు అడుగుతారు. ఆయన మధ్యాహ్నం అన్నం ఎవరితో కలిసి తినేవారు, కోపం వస్తే ఏం చేసేవారు అని నేను అడుగుతాను. ఒకసారి, కోపం వచ్చినప్పుడల్లా ఆఫీసు గోడగడియారానికి కీ ఇచ్చే పెద్దమనిషి సంగతి బయటపడింది. ఆ పద్యం చదివినప్పుడు సభ అంతా నవ్విందని, ఆయన మాత్రం కళ్లు తుడుచుకున్నారని తర్వాత తెలిసింది. సన్మాన పత్రాలను చిన్నచూపు చూసే కవిమిత్రులతో ఈ విషయంలో నేను ఏకీభవించను.

మీరు చిత్తూరువారు కాబట్టి అక్కడి తరగతిలో జరిగినది ఒకటి చెబుతాను. అమ్మ మీద కవిత రాసుకురమ్మంటే ఒకమ్మాయి ‘అమ్మ త్యాగానికి మారుపేరు, అమ్మ ప్రేమకు ప్రతిరూపం’ అని మొదలుపెట్టి ఇరవై పంక్తులు రాసుకొచ్చింది. అందులో తప్పు ఒక్కటీ లేదు, అమ్మ కూడా ఎక్కడా లేదు. మీ అమ్మ నిన్న ఏం చేసిందని అడిగాను. వాళ్లమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోతుందట. సీజను మొదలైతే సొన తగిలి వేళ్లు పొక్కిపోతాయట. మరుసటి వారం ఆ ఇరవై పంక్తులూ పోయి నాలుగు మిగిలాయి:

జూన్ నెల వస్తే
మా అమ్మ ముద్ద కలిపి పెట్టదు.
తోతాపురి సొనకు పొక్కిన వేళ్లతో
చెంచా ఎత్తి పట్టుకుంటుంది.

నేను అందులో అక్షరం దిద్దలేదు. అలాంటి బుధవారాలు ఏడాదికి మూడో నాలుగో వస్తాయి. మీ ఇంట్లో వాళ్లకు మాత్రం ఈ మాట చెప్పండి: ముందు ఒక ఉద్యోగమో, పాఠం చెప్పే అర్హతో సంపాదించుకుని, తెల్లవారుజామున రెండు గంటలు ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకోగలిగితే భయపడవలసినదేమీ లేదు.

ప్రశ్న: నేను ఆటవెలది రాస్తున్నాను. గణాలు కుదురుతున్నాయి గాని, యతి దగ్గరికి వచ్చేసరికి అతుకు వేసినట్టుగా తయారవుతోంది. యతి కోసం భావాన్ని చంపుకోవలసిందేనా? మీ తరగతిలో దీన్ని ఎలా నేర్పుతారు?
(ఒక ఉద్యోగి, తిరుపతి)

జవాబు: రెండు వారాల కిందటి మంగళవారం సరిగ్గా ఇదే ప్రశ్న మా మిద్దె మీద వచ్చింది. బ్యాంకులో పనిచేసే ఒక అబ్బాయి తిరుమల కొండ మీద వాన పడడాన్ని పద్యంలో పెట్టాడు. రెండో పాదం ఇలా వచ్చింది: ‘కొండ మీది మబ్బు జల్లు కురిసె.’

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయని, రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలేనని, నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి చెల్లాలని, అంటే ఆ అక్షరం పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలని మీకు తెలుసు. కొండ, మీది, మబ్బు, జల్లు అనే నాలుగూ గురువు మీద లఘువు వచ్చిన హగణాలు. కురిసె మూడు లఘువుల నగణం. సూర్యగణాలంటే ఈ రెండే కాబట్టి గణాలలో లోపం లేదు. కాని పాదం మొదట ‘కొ’ ఉండగా నాలుగో గణం ‘జ’తో మొదలైంది. ఆ రెంటికీ మైత్రి లేదు.

అతను ముందుగా చేసిన పని అందరూ చేసేదే. నిఘంటువులో కకారంతో మొదలయ్యే మాటల కోసం వెతికి ‘కుంభవృష్టి’ అన్నాడు. ఆ మాట రెండు హగణాలుగా విడిపోతుంది, కొ, కు అక్షరాలకు యతి కూడా చెల్లుతుంది. ‘కొండ మీది మబ్బు కుంభవృష్టి’ అని పాదం నిండింది. కాని ‘కురిసె’ పోయింది, పైగా అతను చూసిన వాన కుంభవృష్టి కాదు. నువ్వు చూసిన వాన ఎలా పడింది అని అడిగాను. ఆగిపోయిందనుకుని గొడుగు ముడిస్తే మళ్లీ కాసేపు పడిందని చెప్పాడు. అప్పుడు పక్కనే కూర్చున్న గృహిణి ఒకామె, ‘కొసరు వేసినట్టు పడిందన్న మాట’ అంది. అంతే. పాదం దొరికింది:

కొండ మీది మబ్బు కొసరి కురిసె

‘కూరగాయలు కొనేటప్పుడు కొసరెయ్యమంటాం గదా సార్, ఆ కొసరేనా?’ అని అతనే ఆశ్చర్యపోయాడు. అదే. తూకం అయిపోయాక చేతి నిండా కరివేపాకో, నాలుగు మిరపకాయలో సంచిలో పడేసే ఆ కొసరు మబ్బుకు అబ్బింది. యతి అడ్డుపడి ఉండకపోతే అతను ‘జల్లు’ దగ్గరే ఆగిపోయేవాడు.

కాబట్టి యతి భావాన్ని చంపుతుందని నేను ఒప్పుకోను. తొందరగా దొరికిన మాటను చంపుతుంది. నిఘంటువు తెరవడానికి ముందు మీరు చూసిన దాన్ని పక్కవారికి మామూలు మాటల్లో చెప్పండి. కావలసిన మాట చాలాసార్లు ఆ మాటల్లోనే ఉంటుంది. ఎంత వెతికినా దొరకనప్పుడు పాదం మొదటి మాటనే మార్చండి. మొదటి మాట మీద మమకారంతో నాలుగో గణాన్ని హింసించే అలవాటు మా తరగతిలో సగం మందికి ఉంది, నాకూ ఉంది. వేమన పద్యాలను భావం కోసం కాక ఒక్క నాలుగో గణం కోసమే ఓ వారం రోజులు చదవండి. వెతుక్కున్న జాడ కనిపించకుండా యతి ఎలా పడుతుందో తెలుస్తుంది.

ప్రశ్న: తరగతికి రచనలు ఎలా తీసుకురావాలి? ఫోన్‌లో పంపితే దిద్దుతారా?
(ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: ఫోన్‌లో దిద్దను. ఒక పంక్తి వదిలి ఒక పంక్తి, చేత్తో రాసుకురండి. కొట్టివేతలతో ఉన్న చిత్తుప్రతినే తెండి. మీరు దేన్ని వద్దనుకున్నారో నాకు తెలియాలి.

ప్రశ్న: వారమంతా ఇతరుల రచనలు దిద్దుతూ కూర్చుంటే మీ కవిత్వం ఏమైపోతుంది? అది వృథా శ్రమ అనిపించదా?
(ఒక పాఠకురాలు, మదనపల్లె)

జవాబు: ఈ ఊళ్లో ఉంటూ దాన్ని వృథా అనడానికి నాకు నోరు రాదు. తాళ్లపాక అన్నమాచార్యులు 1503లో వెళ్లిపోయారు. తిరుమలలో రాగిరేకుల మీద ఉండిపోయిన ఆ సంకీర్తనలను 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు పరిష్కరించి ముద్రణకు సిద్ధం చేశారు. ఇద్దరూ స్వయంగా కవులే. ఆ గంటలు తమ పద్యాలకే పెట్టుకుని ఉంటే ఇవాళ మనం పాడుకునే పాటలు ఎన్ని మిగిలేవో ఆలోచించండి. నా దిద్దుబాటుకు వారి పనితో పోలిక లేదు. ఆ దారి ఒకటి ఉందని మాత్రమే చెబుతున్నాను.

అయితే నష్టం లేదని చెబితే అబద్ధమవుతుంది. పోయిన నెల ఒక సోమవారం నాకు సునాయాసంగా ఒక పాదం వచ్చింది: ‘చింతచెట్టు నీడ చెమట తుడిచె.’ చిం, చె అక్షరాలకు యతి చక్కగా కుదిరింది. నీడ చెమట తుడవడం నాకే ముచ్చటేసింది. దాని చుట్టూ మిగిలిన మూడు పాదాలు కట్టుకోవడానికి వారం పట్టింది. శుక్రవారం నోటు పుస్తకాలు దిద్దుతుంటే, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన పుస్తకంలో మూడు వారాల కిందటి పేజీ తెరుచుకుంది. అక్షరం తేడా లేకుండా అదే పాదం ఉంది. పక్కనే ఎర్ర సిరాతో నేను పెట్టిన టిక్కు కూడా ఉంది.

ఆ పాదాన్ని అప్పుడే నా పద్యంలోంచి కొట్టేశాను. పెద్దాయనకు సంగతి చెబితే ‘ఉంచుకోండి సార్, నాకింకోటి వస్తుంది’ అన్నారు. అలా ఉంచుకోవడం కుదరదు. నా పద్యానికి ప్రస్తుతం ఒకటి, మూడు, నాలుగు పాదాలు ఉన్నాయి. రెండో దాని సంగతి సోమవారం అయిదింటికి చూడాలి.