నల్లి తాగేది రక్తమేనా?

ప్రశ్న: మా తేనెటీగల పెట్టెల్లో వరోవా నల్లి కనిపించింది. ఈగలు మాత్రం హుషారుగానే ఉన్నాయి, తేనె కూడా బాగానే పెడుతున్నాయి. అంత చిన్న నల్లి కాస్త రక్తం తాగితే ఏమవుతుందండీ? మందు వాడాల్సిందేనా?

జవాబు: రక్తం తాగుతుందనే అందరూ దశాబ్దాలపాటు నమ్మారు, కానీ ఎదిగిన ఈగలను పట్టుకున్న నల్లి ముఖ్యంగా తినేది వాటి కొవ్వు కణజాలాన్నని 2019లో శామ్యూల్ రామ్జీ అనే పరిశోధకుడి బృందం చూపించింది. ఇది చిన్న విషయం కాదు. మనకు కాలేయంలా విషాలను విరిచేది, పోషకాలు దాచేది, రోగాలను తట్టుకునే శక్తినిచ్చేది ఆ కొవ్వే. పైగా రెక్కలను వంకర చేసే వైరస్‌నూ ఈ నల్లే అంటిస్తుంది.

హుషారు చూసి ధీమా పడకండి. నల్లి సంతానం పెంచేది మైనం మూత పడిన పిల్ల గదుల్లో, కాబట్టి పైకి కనిపించేవి కొన్నే. సుమారు 300 ఈగలను జాలి మూత ఉన్న సీసాలోకి తీసుకుని (రాణి అందులో పడకుండా చూసుకోండి, ప్లీజ్!), పంచదార పొడి చల్లి, కాసేపాగి దులిపితే నల్లులు రాలతాయి, ఈగలు బతికే ఉంటాయి. నూరు ఈగలకు రెండు మూడు నల్లులు దాటితే ఇక ఆలస్యం వద్దు.

నల్లికి వాడే మందుల్లో ఆక్జాలిక్ ఆమ్లం మైనం మూత దాటి లోపలికి వెళ్లదు, అందుకే పిల్ల గదులు లేని సమయంలోనే బాగా పనిచేస్తుంది. అమిట్రాజ్ అనే ఇంకో మందు ఒక్కదాన్నే ఏళ్ల తరబడి వాడితే మందుకు లొంగని నల్లులే మిగులుతాయి. అలాంటి జన్యు మార్పులు ఫ్రాన్స్‌లో, అమెరికాలో బయటపడ్డాయి కూడా. మందు వేశాక మళ్లీ లెక్క చూడండి, తగ్గకపోతే మందు మార్చండి.