ఆ ‘టు’ వేరు, ఈ ‘టు’ వేరు

ప్రశ్న: మాది చంద్రగిరి. తిరుపతిలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. శ్రీసిటీలో ఒక కంపెనీకి అప్లికేషన్ మెయిల్ పంపి, చివర్లో ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యూ’ అని రాశాను. మా సీనియర్ అక్క చూసి ‘హియర్’ కాదు, ‘హియరింగ్’ అని రాయాలంది. ‘టు’ తర్వాత ‘ఇంగ్’ రాకూడదనే కదా స్కూల్లో చెప్పింది? ఈ ఒక్క తప్పుకే పక్కన పెట్టేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అక్క చెప్పిందే కరెక్ట్. స్కూల్లో చెప్పింది అబద్ధం కాదు గానీ, సగమే చెప్పారు. ఇంగ్లిష్‌లో ‘టు’లు రెండున్నాయి. ‘ఐ వాంట్ టు గో’లోది క్రియతో కలిసిపోయే ‘టు’. దాని తర్వాత ‘గో’ ఉన్నదున్నట్టే ఉండాలి. ‘ఐ వెంట్ టు తిరుమల’లోది మన ‘కి’, ‘కు’ లాంటిది. దాని వెనక నామవాచకమే రావాలి. మీ వాక్యంలో ఉన్నది ఈ రెండోది.

తెలుగులో ‘జవాబు కోసం ఎదురుచూస్తున్నాను’ అంటాం. ‘విను కోసం’ అంటామా? ‘విను’ని ‘వినడం’ చేస్తేగానీ అక్కడ అతకదు. ఆ ‘డం’ చేసే పనే ఇంగ్లిష్‌లో ‘ఇంగ్’ చేస్తుంది. హియర్ అంటే విను, హియరింగ్ అంటే వినడం. అనుమానమొస్తే ‘టు’ తర్వాత ‘యువర్ రిప్లై’ పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ చక్కగా కుదిరింది కాబట్టి అక్కడ ‘ఇంగ్’ కావాలి. ‘ఐ వాంట్ టు యువర్ రిప్లై’ అంటే మీకే నవ్వొస్తుంది.

ఇంతకంటే ఇబ్బంది పెట్టేది ‘యూజ్డ్ టు’. రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీలకు అప్లై చేసేవాళ్లు నాకు చూపించే మెయిల్స్‌లో ఇది తరచూ కనిపిస్తుంది. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఇన్ నైట్ షిఫ్ట్స్’ అంటే నైట్ షిఫ్టులు నాకు అలవాటే అని. ‘యామ్’, ‘ఇంగ్’ రెండూ ఎగరగొట్టి ‘ఐ యూజ్డ్ టు వర్క్’ అని రాస్తే, ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు మానేశాను అని అర్థం. ఇక్కడ పోయేది గ్రామర్ ఒక్కటే కాదు, చెప్పదలచుకున్న మాటే తిరగబడుతుంది.

‘హియర్’కి అంత ప్రమాదం లేదు. అర్థమైతే చెడలేదు. ఇంగ్లిష్‌లో ఉత్తరాలు రాయడమే పనిగా ఉండే పోస్టయితే పట్టించుకోవచ్చు గానీ, అకౌంట్స్ ఉద్యోగానికి మీ ట్యాలీ, జీఎస్టీ పనే ముందు చూస్తారు. నా మొదటి అప్లికేషన్ జిరాక్స్ ఇంకా నా దగ్గరే ఉంది. అందులోనూ ‘హియర్’ అనే ఉంది!

పొరపాటు దిద్దుతూ ఇంకో మెయిల్ మాత్రం పంపకండి, ఎవరూ గమనించని తప్పును మీరే చూపించినట్టవుతుంది. వారం పది రోజుల్లో కబురు రాకపోతే, అదే మెయిల్ కింద రెండు లైన్లలో గుర్తుచేయండి. చివర ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ’ అని రాయండి. ‘యామ్ లుకింగ్’ కూడా తప్పేం కాదు, కాకపోతే ఆఫీసు మెయిల్‌కి ఇది కాస్త హుందాగా ఉంటుంది.