తెలుగు ముక్క మీద నడిపి చూసి రాయి

విజయవాడ

అమ్మాయీ,

లైనక్స్‌లో ఒక గుర్తును ఇంకో గుర్తుగా మార్చే టీఆర్ (tr) కమాండ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కామాలతో ఒకే వరుసలో ఉన్న పేర్లను లైనుకొకటిగా ఎలా విడగొట్టాలో బాగానే చెప్పావు. కానీ ఉదాహరణలన్నీ యాపిల్, బనానా, ఆరెంజ్! గుంటూరులో కూర్చుని రాస్తూ మిర్చి యార్డు ఎలా మర్చిపోయావు? తేజ, బాడిగ, 334, 341 అని మిర్చి రకాలు రాయి. వాటి మధ్య కామాకు బదులు నిలువు గీత కూడా పెట్టి చూపించు. కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో ఆ గీత అంటే పైపు, ఒక కమాండ్ ఫలితాన్ని పక్క కమాండ్‌కు అందించేది. పేర్ల వరుసను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకపోతే, బాడిగ అనే కమాండ్ దొరకలేదని, కమాండ్లను నడిపే షెల్ గొణుగుతుంది. కొత్తవాళ్లు ఇరుక్కునేది అక్కడే.

నాకు అసలు అభ్యంతరం వేరే చోట ఉంది. 'ఏ గుర్తునైనా టీఆర్ కొత్త లైనుగా మార్చేస్తుంది' అన్నావు. ఆ వాక్యం కొట్టేయి. పద్యాలు టైపు చేసుకున్న ఫైలు ఒకరి దగ్గర ఉందనుకో. పాదాల మధ్య దండం (।) అనే విరామచిహ్నం ఉంది, చూడ్డానికి నిలువు గీతలాగే. నీ మాట నమ్మి దాన్ని టీఆర్‌కు ఇస్తే స్క్రీన్ నిండా ప్రశ్నగుర్తులే. లైనక్స్‌లో మామూలుగా వచ్చే టీఆర్ చూసేది అక్షరాలను కాదు, బైట్లను, అంటే కంప్యూటర్ అక్షరాలను దాచుకునే చిన్న ముక్కలను. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో దండానికి మూడు బైట్లు. ఆ మూడింటినీ అది విడివిడిగా పట్టుకుని, ఎక్కడ కనిపిస్తే అక్కడ లైను తుంచుతుంది. వాటిలో మొదటి బైటుతోనే తెలుగులో ప్రతి అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ మొదలవుతాయి. ఇక ఒక్క అక్షరానికైనా తల మిగలదు. ఫైలే పాడైపోయిందేమోనని పాపం అతనికి టెన్షన్.

కామా, సెమికోలన్, నిలువు గీతలతో ఈ గొడవ లేదు. ఒక్కోటీ ఒక్క బైటే, ఆ బైటు ఇంకే అక్షరం లోపలా రాదు. లైనక్స్‌కు నమూనా అయిన యూనిక్స్‌లో 1973లో పైపులు పెట్టిన కెన్ థాంప్సనే, 1992లో రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8ను ఇలా కుదిర్చాడు. నీ కామా ఉదాహరణ తెలుగు పేర్లతోనూ పనిచేస్తున్నది అందుకే. థాంప్సన్ పేరు వ్యాసంలో ఒక్కసారైనా రావాలి. నా పక్షపాతం అనుకున్నా సరే.

దండానికి సెడ్ (sed) అనే, వెతికి మార్చే కమాండ్ చూపించు. అది మూడు బైట్లనూ కలిపి ఒకే గుర్తుగా వెతుకుతుంది కాబట్టి మిగతా అక్షరాల జోలికి పోదు. మాక్‌లో వచ్చే సెడ్ వేరే రకం. ఎవరి దగ్గరైనా మాక్ ఉంటే దాని మీద నడిపి చూశాకే దాని గురించి రాయి.

చిరునామాల ఫైళ్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చెయ్. కొటేషన్ గుర్తుల మధ్య 'బ్రాడీపేట, గుంటూరు' అని ఉన్నా టీఆర్ కనికరించదు, రెండుగా కోసేస్తుంది. అలాంటి వాటికి పైథాన్ భాషలో కామాల ఫైళ్లను చదివే సీఎస్‌వీ మాడ్యూల్ వాడమను, చాలు. ఫలితాన్ని మళ్లీ అదే ఫైలు పేరుతో దాచబోతే ఖాళీ ఫైలు మిగులుతుందని మాత్రం మొదట్లోనే, అందరికీ కనబడేలా చెప్పు.

ఇవన్నీ సరిచేసి మళ్లీ పంపు. టెర్మినల్‌లో వచ్చింది వచ్చినట్టే అతికించు, ఆ పగిలిన అక్షరాలతో సహా.

ఆశీస్సులతో,
మాస్టారు