తొలి వెబ్‌సైట్‌కి మూడేళ్ల ప్యాకేజీ అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, కంప్యూటర్ సైన్స్ గ్రూపు. ఇంటర్న్‌షిప్‌లకు అప్లై చేయడానికి సొంత వెబ్‌సైట్ కావాలంటోంది. వెబ్ డిజైన్ మాత్రం నేర్చుకోలేదు. ఒక సంస్థవాళ్లను అడిగితే డొమైన్, హోస్టింగ్, ఎస్ఎస్ఎల్ కలిపి మూడేళ్ల ప్యాకేజీ చెప్పారు. ఇప్పుడే కడితే సగానికి సగం తగ్గిస్తారట. కట్టేయమంటారా, ఆగమంటారా?

జవాబు: ఆగండి. అమ్మాయి ఆలోచన మంచిదే, తప్పకుండా ప్రోత్సహించండి. కానీ ఆ ప్యాకేజీలోని మూడింటిలో రెండు ఆమెకు ఉచితంగానే దొరుకుతాయి. మూడోది ఇప్పుడే అక్కర్లేదు.

ముందు హోస్టింగ్, అంటే సైట్ ఫైళ్లను ఇంటర్నెట్‌లో అందుబాటులో ఉంచే చోటు సంగతి చూద్దాం. విద్యార్థి వెబ్‌సైట్ అంటే మహా అయితే నాలుగైదు పేజీలు. ఎవరు తెరిచినా అవే కనిపిస్తాయి. లాగిన్ ఉండదు, డేటాబేస్ ఉండదు. దీన్ని స్టాటిక్ సైట్ అంటారు. ఇలాంటివాటిని గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై వంటివి డబ్బు తీసుకోకుండానే నడుపుతాయి. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ వాళ్ల పేజెస్‌నే తీసుకుంటే, సైట్ మొత్తం 1 జీబీ వరకు ఉండవచ్చు. బ్యాండ్‌విడ్త్, అంటే చూసేవాళ్లకు వెళ్లే డేటా, నెలకు 100 జీబీ దాకా వాడుకోవచ్చు. ఒక్కో పేజీ 1 ఎంబీ ఉందనుకున్నా నెలకు దాదాపు లక్షసార్లు తెరవచ్చన్నమాట. ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి దాన్ని వాడకూడదన్న షరతు ఉంది, అది మీ అమ్మాయికి అడ్డు కాదు. రేపు ఆమె యూజర్లు లాగిన్ అయ్యే సైట్ ఏదైనా తయారుచేస్తే, డబ్బు కట్టే హోస్టింగ్ గురించి అప్పుడు ఆలోచించవచ్చు.

ఎస్ఎస్ఎల్ అంటే సైట్‌కీ చూసేవాళ్లకూ మధ్య సమాచారం ఎవరూ చదవకుండా కాపాడే సర్టిఫికెట్. దానికోసం విడిగా డబ్బు కట్టాల్సిన కాలం పోయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 నుంచి ఈ సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తోంది. పైన చెప్పిన మూడు చోట్లా ఎస్ఎస్ఎల్ సైట్‌తో పాటే వచ్చేస్తుంది.

ఇక డొమైన్, అంటే సొంత పేరుతో అడ్రస్. ఉంటే బాగుంటుంది, లేకపోతే ఏ ఇంటర్న్‌షిప్పూ ఆగదు. గిట్‌హబ్‌లో తన యూజర్‌నేమ్ తర్వాత ‘డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ’ అని ఉచిత అడ్రస్ వస్తుంది. అందుకే యూజర్‌నేమ్ పెట్టుకునేటప్పుడే సరదా పేర్లు కాకుండా తన సొంత పేరు పెట్టుకోమనండి. ఎప్పటికైనా డొమైన్ కొంటే మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర ఎంతో అడగండి. అసలు భారం అక్కడే ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా అమ్మాయి పేరు మీద, ఆమె ఈమెయిల్‌తోనే జరగాలి. సైట్ చేసిపెట్టే సంస్థ తన ఖాతాలో రిజిస్టర్ చేసుకుంటే, రేపు వాళ్లతో పొసగకపోతే పేరు వాళ్ల చేతిలోనే ఉండిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రెన్యువల్ మర్చిపోతే ఆ పేరును ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. అప్పటికే పది కంపెనీలకు పంపిన రెజ్యూమెలో లింకు నొక్కితే వేరేవాళ్ల సైట్ తెరుచుకుంటుంది.

తయారుచేయడం అనుకున్నంత కష్టం కాదు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో హెడ్డింగు, పేరా, లింకు, ఫొటో పెట్టడం వస్తే మొదటి పేజీ అయిపోయినట్టే. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు రెడీమేడ్ టెంప్లేట్ మీద ఆధారపడకుండా ఈ పేజీని చేత్తో రాయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. (వేరే సబ్జెక్టు చదివేవాళ్లయితే గూగుల్ సైట్స్‌తో సరిపెట్టుకోవచ్చు. అదీ ఉచితమే.) కొత్తవాళ్లను బాగా టెన్షన్ పెట్టే చిక్కు ఒకటుంది. సొంత ల్యాప్‌టాప్‌లో చక్కగా కనిపించిన ఫొటో సైట్‌లో పెట్టాక మాయమవుతుంది. చాలాసార్లు కారణం ఫైలు పేరే. ఫైలుకి పెద్ద అక్షరాలతో పేరు పెట్టి కోడ్‌లో చిన్న అక్షరాలు రాస్తే విండోస్ పట్టించుకోదు. గిట్‌హబ్ పేజెస్ మాత్రం ఆ రెండింటినీ వేర్వేరు ఫైళ్లుగా చూస్తుంది. మొదటి నుంచీ అన్ని ఫైళ్లకూ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

అసలు శ్రమ పెట్టాల్సింది సైట్‌లో ఏం రాయాలన్న దాని మీద. ‘నేను కష్టపడి పనిచేస్తాను, కొత్త విషయాలు నేర్చుకోవడమంటే ఇష్టం’ అని అందరూ రాస్తారు. దాన్నిబట్టి ఎవరికీ ఏమీ తెలియదు. ‘హాజరు లెక్కించే ప్రోగ్రామ్ చేశాను’ అన్నా చాలదు. ఇలా రాయమనండి: ‘కనీస హాజరు తగ్గకుండా ఇంకా ఎన్ని క్లాసులు మానవచ్చో ఈ ప్రోగ్రామ్ చెబుతుంది. మొదట లెక్క తప్పింది, ఎందుకంటే ల్యాబ్ క్లాసు ఒక్కటే అయినా రెండు పీరియడ్లుగా లెక్కకు వస్తుంది. క్లాసుకు బదులు పీరియడ్‌ను లెక్కించేలా మార్చాను.’ ఈ మూడు వాక్యాలు చదివితే ఆమె సమస్యను ఎలా పట్టుకుంటుందో, ఎలా సరిచేస్తుందో ఎదుటివారికి అర్థమవుతుంది. ఇలా రాసిన ప్రాజెక్టులు రెండున్నా చాలు. పేజీలు నింపడానికి అరకొర పనులు పది పెట్టవద్దు.

ఒక్క విషయంలో మాత్రం మీరు దగ్గరుండి చూడండి. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో పేజెస్ వాడాలంటే ఫైళ్లు అందరికీ కనిపించేలా ఉండాలి. పైగా ఒక ఫైలును తీసేసినా పాత కాపీ గిట్‌హబ్ దాచే మార్పుల హిస్టరీలో ఉండిపోతుంది. కాబట్టి ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్, పుట్టిన తేదీ ఉన్న రెజ్యూమెను అందులో అసలు పెట్టవద్దు. అవి లేని కాపీ ఒకటి విడిగా చేసుకోవాలి. ఈమెయిల్ కూడా కనబడకుండా చేసే వీలు గిట్‌హబ్ సెట్టింగ్స్‌లో ఉంది, మొదటి రోజే దాన్ని ఆన్ చేసుకోమనండి. కంపెనీలవాళ్లు సంప్రదించడానికి ఇందుకోసమే తెరిచిన ఈమెయిల్ ఒకటి పేజీలో ఇస్తే సరిపోతుంది.

సైట్ సిద్ధమయ్యాక మీ ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. అక్షరాలు చీమల్లా కనిపిస్తుంటే పేజీ కోడ్ పైభాగంలో, పేజీని ఫోన్ తెరకు సరిపెట్టే ‘వ్యూపోర్ట్’ లైను రాయలేదని అర్థం. ప్రతి లింకూ నొక్కండి. కంప్యూటర్ చదువు లేని మీకు కూడా ఆమె ఏం చేసిందో అర్థమైతే, ఆ లింకును అప్లికేషన్‌లో పెట్టేయవచ్చు.